కారుకు పలుపు

నా చిన్నప్పుడు మా ఇంట్లో కారుండేదని చెబితే ఇప్పటి పిల్లలు మేమేదో జమీందారులమనుకుంటారు. అలాంటిదేమీ లేదు. మా తాతయ్య ఎల్లెంపీ చదివి ఏలూరులో ప్రాక్టీసు పెట్టిన డాక్టరు. కొల్లేటి లంకల్లో ఎవరికి జ్వరం తగిలినా, ఏ ఇల్లాలికి కాన్పు కష్టమైనా ఆయన కోసమే కబురొచ్చేది. గట్టు దాకా కారులో వెళ్ళి, అక్కణ్ణుంచి దోనె ఎక్కేవారు. యుద్ధానికి ముందెప్పుడో ఓడలో వచ్చిన నల్ల కారు అది. పైన గుడ్డ కప్పు, వానొస్తే సగం లోపలే కురిసేది. దాన్ని మా ఇంట్లో ఎవరూ కారు అనేవారు కాదు. అందరికీ అది "బండి".

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో తాతయ్య కళ్ళకు శుక్లాలు ముసిరాయి. ఆ సంగతి ఆయన ఎవరితోనూ చెప్పలేదు. డాక్టర్లందరూ తమ రోగం దగ్గరకొచ్చేసరికి అంతేనేమో. ఒక సాయంత్రం కొల్లేటి గట్టు మీద జాలరులు ఆరబెట్టుకున్న వల మీదికి ఆయన కారు ఎక్కించేశారు. వల చక్రానికి చుట్టుకుని బండి ఆగిపోయింది. దిగి చూస్తే, ఆ వల అంచునే, చక్రానికి జానెడు దూరంలో ఒక పసివాడు గోనె మీద నిద్రపోతున్నాడు. ఆ పసివాడి వాళ్ళు తాతయ్యను ఒక్క మాట కూడా అనలేదు. పైగా వల పోతే పోయిందిలెండి అని ఆయన్నే ఓదార్చారు. కారు నడపడం వచ్చిన ఎవరో పడవవాడి కొడుకు ఇంటి దాకా దింపాడు. లోపలికొచ్చి కాళ్ళు కడుక్కుని, బండి అమ్మేద్దామని తాతయ్య మామ్మతో అన్నారు. మా నాన్నగారికి స్టీరింగు ముట్టుకోవాలంటేనే భయం. కాబట్టి ఆ మాటకు ఎదురు చెప్పేవాళ్ళు లేరు.

అమ్మేద్దామనుకోవడం ఒక్క క్షణం పని. అమ్మడం ఎంత విసుగో ఆ ఎండాకాలమంతా చూశాను. వచ్చిన ప్రతివాడూ టైర్లను కాలితో తన్నేవాడు. ఎందుకు తన్నేవారో నాకిప్పటికీ తెలియదు. ఉండి ఊరి నుంచి వచ్చిన పెద్దరైతు పెళ్ళి ఊరేగింపులకు అద్దెకిస్తానని, ఎర్ర రంగు వేయిస్తే బావుంటుందని అన్నాడు. చింతలపూడి వైపు నుంచి వచ్చినాయన మామ్మ చేసిన ఉప్మా తిని, కాఫీ తాగి, సీట్లో కూర్చుని సరదా తీరా హారను కొట్టుకుని, మళ్ళీ వస్తానని వెళ్ళాడు. ఇప్పటికీ రాలేదు. ఒక మిల్లు యజమాని అయితే కారు వైపు సరిగ్గా చూడనే లేదు. ఇంజను మాత్రం ఊడదీసుకుని పొలానికి నీళ్ళు తోడించుకుంటాడట, మిగతాది మీరే ఉంచుకోండి అన్నాడు.

వచ్చిన ప్రతివాడికీ తాతయ్య మొదటినుంచీ చెప్పుకురావాలి. సెల్ఫు స్టార్టరు పోయింది, ముందువైపు హ్యాండిలు పెట్టి తిప్పితేనే ఇంజను లేస్తుంది, సామాన్లు మద్రాసులో కూడా దొరకడం లేదు. విన్నవాళ్ళు పెదవి విరిచేవారు. వాళ్ళు వెళ్ళాక ఆయన వీధరుగు మీద కూలబడేవారు. వంక పెడుతున్నది కారుకే అయినా, అలిసిపోతున్నది ఆయన. పోనీ ఆ మిల్లాయనకే ఇచ్చేద్దామా అని ఒకరోజు తనలో తనే అనుకున్నట్టు అన్నారు. నాకు ఏడుపొచ్చింది. మామ్మ మాత్రం చేటలో బియ్యం ఏరుకుంటూనే ఉంది.

చివరికి తాడేపల్లిగూడెం నుంచి ఒకాయన వచ్చాడు. మిలిటరీలో లారీ తోలి వచ్చినవాడు. గూడెం స్టేషను దగ్గర టాక్సీ పెట్టుకుని గణపవరం వైపు మనుషుల్ని తిప్పాలని ఆయన ఆశ. టైర్లను తన్నలేదు. బానెట్టు ఎత్తి, చెవి దగ్గరపెట్టి ఇంజను చప్పుడు విన్నాడు. బేరం సులువుగానే కుదిరింది. మర్నాడు భార్యను కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ళు క్రైస్తవులు. ఆవిడ బానెట్టు మీద చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకుంది. అది చూసి తాతయ్య ముఖం చాన్నాళ్ళకు తేటపడింది.

తీరా బయల్దేరే వేళకు హ్యాండిలు కనిపించలేదు. సీటు కింద లేదు, వెనక పెట్టెలో లేదు. అందరం వెతికాం. షెడ్డులో పాత డబ్బాలన్నీ బోర్లించాం. వెనకనుంచి తోసి చూసినా ఇంజను లేవలేదు. ఎండ నెత్తికొచ్చింది. ఆ టాక్సీ ఆయన ఎంతో మర్యాదగా, పర్లేదండీ, ఊళ్ళో ఎవరివైనా ఎద్దుల్ని మాట్లాడి ఎలాగో స్టేషను దాకా లాగించి గూడ్సులో ఎక్కించుకుంటానండి, గూడెంలో కమ్మరి చేత హ్యాండిలు చేయించుకుంటానండి అన్నాడు. అన్నేళ్ళు కొల్లేరు చుట్టూ తిరిగిన బండిని ఎద్దులు లాక్కుపోతుంటే వీధంతా చూస్తుందన్నమాట. తాతయ్య గోడకు చెయ్యి ఆనించి నిలబడిపోయారు.

కాసేపటికి ఆయనకేం తట్టిందో వెతకడం మానేసి ఇంట్లోకి నడిచారు. వెనకే నేనూ వెళ్ళాను. మామ్మ పడమటింట్లో భోషాణం మీద కూర్చుని ఉంది. లేవలేదు.

"పశువును అమ్మితే పలుపు ఇస్తామాండీ?" అంది తాతయ్యతో.

మా వైపు ఆవునమ్మినా ఎద్దునమ్మినా మెడలో పలుపుతాడు విప్పుకుని ఉంచుకుంటారు. కొన్నవాళ్ళు కొత్త పలుపు తెచ్చుకోవాలి. పాత పలుపు గడప దాటితే దాంతోపాటు ఇంటి కళ కూడా వెళ్ళిపోతుందని నమ్మకం. పెళ్ళయి వచ్చింది మొదలు ఎన్నో పశువుల్ని సాగనంపిన మామ్మకు, కారుకు పలుపేదంటే ఆ ఇనప హ్యాండిలే. బేరం కుదిరిన రోజే, అందరూ నిద్రపోయే మధ్యాహ్నం పూట తీసుకొచ్చి, పాతచీర ముక్కలో చుట్టి, పట్టుచీరల కింద దాచేసింది. నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి. తాతయ్య నవ్వలేదు, కోప్పడలేదు. ఆవిడ పక్కన భోషాణం మీదే కూర్చున్నారు.

"ఎద్దు కొత్త పలుపుతో నడుస్తుందే. ఇది లేకపోతే ఆ బండి కదల్దు. కదలని బండిని అమ్మితే తుక్కు అమ్మినట్టేగా. ఆ మిల్లాయనకి ఇచ్చినా అంతే, వీళ్ళకి ఇచ్చినా అంతే."

మామ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచింది. భోషాణం తెరిచి, ఆ మూట తీసి, తనే వీధిలోకి వెళ్ళి ఆ టాక్సీ ఆయన భార్య చేతుల్లో పెట్టింది. ఆవిడ దాన్ని కళ్ళకద్దుకుంది.

తాతయ్యను ఆఖరిసారి మీ చేత్తో తిప్పండి డాక్టరుగారండీ అని టాక్సీ ఆయన బతిమాలాడు. తాతయ్య ఒప్పుకోలేదు. ఇక మీదట అది నీ చేతికి అలవాటు పడాలి కదా అన్నారు. కానీ దగ్గరకెళ్ళి టాక్సీ ఆయన వేళ్ళను తడిమి, పట్టు సరిచేశారు.

"బొటనవేలు చుట్టూ తిప్పి పట్టుకోకు బాబూ. నాలుగు వేళ్ళ సరసనే ఉంచు. ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది, ఎముక విరగ్గొడుతుంది. నాకు విరిగింది."

రెండో తిప్పుకే ఇంజను లేచింది. వాళ్ళు వెళ్ళిపోయాక వీధిలో పెట్రోలు వాసన కొంచెంసేపు నిలిచింది. ఆ పూట మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

మర్నాడు పొద్దున్నే కాలువ అవతల ఎవరికో ఒళ్ళు బాగాలేదని కబురొచ్చింది. తాతయ్య మందులపెట్టె పట్టుకుని మెట్ల దాకా వచ్చి ఆగారు. అప్పటిదాకా ఆయన ఎవరి సాయమూ అడగడం నేను చూడలేదు. మెట్టు కనిపించక తడబడ్డా, ఎవరైనా చెయ్యందిస్తే విదిలించుకునేవారు. ఆ రోజు నా వైపు తిరిగి చెయ్యి చాపారు.

"అమ్మడూ, చెయ్యివ్వు. వంతెన దాటించు."

అలా ఆయన పోయేదాకా నేనే దాటించాను. నాకిప్పుడు ఎనభై దాటాయి. మెట్లు దిగాలన్నా రోడ్డు దాటాలన్నా, పిల్లలు అడగకముందే నేనే చెయ్యి చాపుతాను. వదిలేయాల్సినదాన్ని పూర్తిగా వదిలి, అడగాల్సినదాన్ని నోరు తెరిచి అడగడం ఆయన దగ్గర నేర్చుకున్నదే. చాపిన ప్రతిసారీ మనసుకు కష్టంగానే ఉంటుంది. తాతయ్యకూ ఉండే ఉంటుంది. చిన్నపిల్లనని నాకు తెలియనివ్వలేదు.