దేవుడి గూట్లో పాస్‌పోర్టులు

ఇన్‌స్పెక్టరమ్మ పోయారని మంగళవారం పొద్దున వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. నేను బస్సులో ఉన్నాను. రెండు స్టాపుల ముందే దిగి, ఒక డెయిరీ కొట్టు ముందు నిలబడి ఏడ్చాను. తర్వాత మా తెలుగువాళ్ళ గ్రూపులో ఆవిడ ఫోటో పెట్టి నాలుగు ముక్కలు రాశాను. పది నిమిషాల్లో అడ్మిన్ ఫోన్. "అది తీసేయమ్మా. మనవాళ్ళ మీద కేసులు పెట్టిన మనిషి ఆవిడ. అంకుల్‌గారు ఫీలవుతున్నారు." తీయనన్నాను. సాయంత్రానికి నన్నే తీసేశారు. మంచిదే అయింది. అక్కడ నాలుగు ముక్కలు రాశాను, ఇక్కడ మొత్తం రాస్తాను.

ఆవిడది ఫిలిప్పీన్స్. మనీలాలో చాలా ఏళ్ళు లాయరుగా ఫ్యాక్టరీ కార్మికుల కేసులు వాదించారు. అక్కడి పెద్దలతో పడక, కూతుర్ని వెంటబెట్టుకుని ఆక్లాండ్ వచ్చేశారు. ఇక్కడ ఆ పట్టా చెల్లదన్నారు. వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకి స్నానాలు చేయిస్తూ, మళ్ళీ మొదటి నుంచి చదువుకుని, గవర్నమెంటులో లేబర్ ఇన్‌స్పెక్టర్ అయ్యారు. "అంత చదివి ఆ పనెలా చేశారు?" అని ఒకసారి అడిగేశాను. "అక్కడో రిటైర్డ్ జడ్జి ఉండేవాడు. కోర్టులో ఏ జడ్జి నోరూ మూయించలేకపోయాను. ఈయన నెత్తిన మాత్రం రోజూ నీళ్ళు పోసి మూయించాను" అని పకపకా నవ్వారు.

నేను ఇక్కడ చదువైపోయాక అంకుల్‌గారి రెస్టారెంటులో పనికి కుదిరాను. మా ఊరి వైపు మనిషే. "ఫ్లాట్‌లో పదిమంది తిరుగుతుంటారు, పాస్‌పోర్ట్ పోతుంది, నాకివ్వమ్మా" అంటే ఇచ్చాను. నాతోపాటు ఇంకో నలుగురూ ఇచ్చారు. మనవాడు కాబట్టి ఇచ్చాం, తెల్లవాడడిగితే ఇచ్చేవాళ్ళమా? కౌంటర్ వెనక దేవుడి గూట్లో, వెంకన్న పటం కింద పెట్టి వాటికీ పసుపు కుంకుమ పెట్టాడు. రోజూ దండం పెట్టుకునేవాళ్ళం. దేవుడి దగ్గరున్నదాన్ని తిరిగివ్వమని ఎలా అడుగుతాం?

తెనాలిలో అమ్మకి గుండె ఆపరేషన్ అన్నారు. అప్పుడడిగాను. "సీజన్ అయ్యాక చూద్దాంలే" అన్నాడు. మూడుసార్లు అడిగాను. మూడోసారి, "నీ వీసా నా పేరు మీదుంది, గుర్తుంచుకో" అన్నాడు.

ఫిర్యాదు చేద్దామని ఇన్‌స్పెక్టరమ్మ ఆఫీసుకి వెళ్ళాను. నేను లోపలికి అడుగుపెట్టగానే ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. నా వెనక ఎవరో పెద్దాఫీసరు వస్తున్నాడేమోనని తిరిగి చూశాను, ఎవరూ లేరు. "కోర్టులో జడ్జి వస్తే లేచేదాన్ని. ఇక్కడ నా ముందుకు వచ్చేది నువ్వే కదా" అన్నారు. నేను కూర్చున్నాకే కూర్చున్నారు. ఆవిడ ఎవరికైనా అంతే.

ఫిర్యాదు మీద సంతకం పెట్టబోతూ ఆగిపోయాను. "ఆయన ఉప్పు తిన్నాను మేడమ్" అని, మా భాషలో దానర్థం విడమరిచి చెప్పాను. శ్రద్ధగా విన్నారు. "చెమట ఎవరిది?" అన్నారు. నాదేనన్నాను. "అయితే ఉప్పు కూడా నీదే."

సంతకం పెట్టాను.

రెండు రోజుల తర్వాత రెస్టారెంటుకి వచ్చారు. గూటి ముందు చెప్పులు విప్పి, దేవుడికి తలవంచారు. అంకుల్‌గారు "ఇంటి గుట్టు రచ్చకెక్కిస్తావా?" అని నన్ను తెలుగులో తిడుతూనే ఉన్నాడు. ఆవిడ గూటిమీద చెయ్యి కూడా వెయ్యలేదు. మా ఐదుగురి వైపు తిరిగి, "ఎవరిది వాళ్ళు తీసుకోండి" అన్నారు. ఎవరమూ కదల్లేదు. ఆవిడ తొందరపెట్టలేదు. పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు, సాయంత్రం దాకానైనా ఉంటానన్నట్టు. చివరికి చెయ్యి చాపింది నేనే. అమ్మకి ఆపరేషన్ జరిగేనాటికి తెనాలిలో ఉన్నాను. వీసాకి వేరే దారి ఉందని, ఎక్కడికెళ్ళి ఎవరినడగాలో కాగితం మీద రాసిచ్చింది కూడా ఆవిడే.

తర్వాత ఆవిడకి రాజధాని వెల్లింగ్టన్‌లో పెద్ద పదవి ఇచ్చారు. ఏడాదికల్లా అడిగి మరీ వెనక్కొచ్చేశారు. "ఆ గదిలోకి ఫైళ్ళొస్తాయి, మనుషులు రారు. ఎవరికోసం లేవను?" అన్నారు.

మనవాళ్ళ మీద కేసులు పెట్టిందట! మరి ఆ ఐదుగురం ఎవరి వాళ్ళం? నాకు జవాబు చెప్పి, ఆ తర్వాత ఫీలవమనండి.

మౌంట్ ఆల్బర్ట్‌లోని వాళ్ళింటికి చివరి చూపుకి వెళ్ళాను. వాళ్ళ ఆచారం ప్రకారం హాల్లో ఆవిడని పడుకోబెట్టిన పెట్టె ఉంచి, చుట్టూ కూర్చుని భోంచేస్తూ ఆవిడ కబుర్లే చెప్పుకుంటున్నారు. గుమ్మంలో అలవాటుగా ఒక్క క్షణం ఆగాను. ఈసారి ఆవిడ లేవలేదు. వాళ్ళమ్మాయి కుర్చీ జరిపి, "కూర్చోండి" అంది. మూలనున్న మనవాళ్ళు ఇద్దరు నా వైపే చూస్తున్నారు.

చూడనీ. నేను కూర్చోలేదు.