టైరులో మిగిలిన ముల్లు

నా చిన్నప్పుడు మా అమ్మ గొంతు నాకు వారానికి ఒక్కసారే వినిపించేది. సౌదీలో ఒకరింట్లో పనికి కుదిరిన అమ్మ, శుక్రవారం సాయంత్రం పక్క ఊరి టెలిఫోన్ బూతుకు ఫోన్ చేసేది. ఆ ఇంటి మేడమ్ ఇచ్చిన ఆ కాసేపే మాది. నేను నాన్న పాత సైకిలెక్కి అక్కడికి పోవాలి. దారి పొడుగునా తుమ్మముళ్లు. వాటికి నా మీద ఏం కక్షో తెలియదు.

వరసగా రెండు శుక్రవారాలు సగం దారిలోనే పంక్చరైంది. సైకిలు తోసుకుంటూ వెళ్లేసరికి అమ్మ ఫోన్ పెట్టేసింది. మొదటిసారి ట్యూబుకు నేనే అతుకు వేసుకున్నాను. అయినా రెండోసారి ఆ పక్కనే గాలి పోయింది. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని ఏడ్చాను. ఇంట్లో అవ్వ ఉన్నా నాకెవరూ లేనట్టే అనిపించింది.

పక్కింటి అక్క చూసి వచ్చింది. వాళ్ల నాన్నది సైకిలు అంగడి. నేను వేసిన అతుకును తడిమి చూసి, "అతుకు బాగానే ఏసినావు. ముల్లు తీసినావా మరి?" అంది. టైరు లోపల పాత నూలుగుడ్డ పెట్టి మెల్లగా చుట్టూ తిప్పింది. ఒకచోట గుడ్డ పట్టుకుంది. కంటికి ఆనని ముక్క, అక్కడే విరిగి కూర్చుంది. దాన్ని పీకేసి, పాత ట్యూబొకటి నిలువునా కోసి టైరు లోపల పరిచి, "ఇంక పో. గాలి మాత్రం తగ్గనీకు" అంది.

మూడో శుక్రవారం ముందే చేరాను. ఫోన్ మోగింది. "రెండు వారాలు నువ్వు రాకపోతే నన్ను మర్చిపోయినావేమో అనుకుంటి" అని అమ్మ ఏడ్చింది. ముల్లు సంగతి చెబితే ఏడుస్తూనే నవ్వింది.

ఇప్పుడు నా తల నెరిసింది. నేనూ సౌదీలోనే, బురైదా అనే ఊళ్లో ఒకరింట్లో వంట చేస్తున్నాను. చుట్టూ ఖర్జూరం తోటలు, ముళ్లకు ఇక్కడా కొదవలేదు. ఈ ఇంటి పిల్లల సైకిళ్లకు గుడ్డ తిప్పేది నేనే. శుక్రవారం వాళ్లంతా బయటికి పోయాక ఇల్లు బావురుమంటుంది. అప్పుడు ఊళ్లో ఉన్న నా కూతురికి ఫోన్ చేస్తాను. ఒక్కో వారం ఎత్తదు. గుండె కలుక్కుమంటుంది, నిజమే. మర్చిపోయిందని మాత్రం అనుకోను. దారిలో ఏ ముల్లు గుచ్చుకుందో పాపం అనుకుంటాను. వచ్చే శుక్రవారం మళ్లీ చేస్తాను, మా అమ్మ చేసినట్టే.