ఆగిన చోటల్లా చచ్చే పికప్

గరిడేపల్లి అవతల ఒక ఊరి బడి ముందు మా ఆర్మీ దళం దిగేసరికి పొద్దున ఏడయింది. వాన పడుతూనే ఉంది. సూర్యాపేట దాటినప్పటి నుంచి రోడ్డుకు రెండు పక్కలా వరి కనిపించలేదు, నీళ్లే కనిపించాయి. సాగర్ ఎడమ కాలువ నుంచి వచ్చే పిల్ల కాలువకు గండి పడింది. గండి అవతల ఒక తండా దిబ్బ మీద చిక్కుకుపోయింది. అక్కడివాళ్లను ఇవతలికి తేవాలి. మాకిచ్చిన ఆర్డరు అంతే.

ఎనభైల చివరి మాట ఇది. నేను తుపాకి పట్టి ముందు నడిచే సిపాయిని కాను, బండ్ల మెకానిక్‌ని. సూర్యాపేటవాణ్ని, తెలుగొస్తుందని ఈ డ్యూటీలో వేశారు. పెళ్లిళ్లలో కలిసిన వాళ్లంతా బార్డర్‌లో ఏం చూశావని అడుగుతారు. బార్డర్‌లో నేను ఎక్కువగా చూసింది ట్రక్కుల కింది భాగం. అందుకే వాళ్లకు ఈ పికప్ సంగతి చెబుతాను. వాళ్ల మొహాలు చిన్నబోతాయి. అయినా చెబుతాను.

తండాకు పోయే కట్ట మీద ఒక కల్వర్టు ఉంది. నీళ్లు దాని గోడను కింది నుంచి తినేస్తున్నాయి. మా పెద్ద ట్రక్కు ఎక్కితే కూలుతుందని ఇంజనీర్ల దళం జవాను తేల్చేశాడు. తేలిక బండి మాత్రమే పోవాలి. అదీ ప్రతిసారీ కల్వర్టు ముందు ఆగాలి. అతను వంగి గోడను చూసి చెయ్యి ఊపితేనే దాటాలి.

ఊళ్లో అలాంటి బండి ఒక్కటే ఉంది, సైదులుది. మిర్యాలగూడ మిల్లులకు వడ్ల బస్తాలు తోలే పాత పెట్రోల్ పికప్. జీపు ముక్కు, వెనక చెక్క తొట్టి. అడిగీ అడగకముందే తాళంచెవి పట్టుకొని వచ్చాడు. బడి ముందు బ్రేకు తొక్కి ఆపాడో లేదో, ఇంజన్ రెండుసార్లు దగ్గి చచ్చింది.

"గిది గింతే అన్నా. ఉరికినంత సేపు ఉరుకుతది. ఆపితె సస్తది," అన్నాడు నవ్వుతూ.

నాకు ఒళ్లు మండింది. "నవ్వుతున్నవా తమ్మీ? కల్వర్టు కాడ సస్తె ఎనక కూసున్నోళ్లను ఎవరు మోస్తరు?"

అన్నట్టే అయింది. మొదటి ట్రిప్పులో ముసలివాళ్లను, పసిపిల్లల తల్లులను ఎక్కించుకొచ్చాం. కల్వర్టు ముందు ఆగగానే బండి చచ్చింది. చక్రాల బొడ్డు దాకా నీళ్లు. అందులో నిలబడి బండి ముక్కులో హ్యాండిల్ దూర్చి తిప్పాను. తొట్టిలో ఒక ముసలమ్మ లంబాడీలో దేవుణ్ని తిడుతోందో నన్ను తిడుతోందో తెలియలేదు. చాలాసేపటికి గాని స్టార్టు కాలేదు. ఇంజనీర్ల జవాను నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

బడికి చేరగానే వైర్‌లెస్ పలికింది. కోదాడ నుంచి కాప్టెన్ సాబ్. మా హవల్దార్ అందుకున్నాడు.

"ఇంకెందరు మిగిలారు? ఓవర్."

"రెండు ట్రిప్పుల మంది సాబ్. బండి మొరాయిస్తోంది. ఓవర్."

"పడవ రేపు గాని రాదు. గోడ సాయంత్రం దాకా ఆగదంటున్నారు. బండి బాగవుతుందా, కాదా? ఓవర్."

హవల్దార్ రిసీవర్ పట్టుకొని నా మొహం చూశాడు. అవుతుందని చెప్పేశాను. ఎలా అవుతుందో నాకు అప్పటికి తెలియదు.

ఆగితే చచ్చే బండికి అందరూ చేసేదే ముందు నేనూ చేశాను. కార్బురేటర్ స్క్రూ తిప్పి, ఆగి ఉన్నప్పుడు ఇంజన్ ఇంకొంచెం వేగంగా తిరిగేలా పెట్టాను. ఇంకా తొందరగా చచ్చింది. ప్లగ్గులు విప్పి చూశాను, బాగానే ఉన్నాయి. కరెంటు అందుతోంది. చచ్చిన వెంటనే కార్బురేటర్ విప్పితే లోపల చుక్క పెట్రోల్ లేదు. అక్కడ దొరికింది జాడ. టాంకు నిండా పెట్రోలుంది, ఇంజన్ దాకా రావడం లేదు.

పైపు ఊడదీసి నోటితో టాంకులోకి ఊదాను. ముందు గట్టిగా ఎదురు తన్నింది. తర్వాత బుడబుడమని గాలి పోయింది. బండి స్టార్టయింది. సైదులును బడి చుట్టూ తిప్పమన్నాను. మెల్లగా పాకించి ఆపితే ఇంజన్ ఆడుతోంది. బ్రేకు గట్టిగా తొక్కి ఆపితే చస్తోంది. అంటే టాంకులో ఏదో తిరుగుతోంది. బ్రేకు వేసినప్పుడల్లా ముందుకు జారి పైపు మూతికి అంటుకుంటోంది.

ఆ బండికి టాంకు డ్రైవర్ సీటు కిందే ఉంటుంది. సీటు ఎత్తాను. ఎవడూ బీడీ వెలిగించొద్దని అరిచాను. తీగ వంచి టాంకు మూతిలోంచి దేవితే, కాసేపటికి మెత్తగా ఏదో చిక్కింది. బయటికి లాగాను. ఆకుపచ్చ గుడ్డ ముడి. నల్ల దారంతో బిగించి కట్టిన దర్గా తాయెత్తు.

సైదులు నవ్వు ఆగిపోయింది. "అమ్మా!" అని కేకేశాడు.

బడి వరండాలో తండావాళ్లకు అన్నం వండుతున్న మనిషి గరిటె పట్టుకొనే వచ్చింది. సైదుల దర్గాకు మొక్కితే పుట్టాడని కొడుక్కి ఆ పేరే పెట్టుకున్న తల్లి. నా చేతిలోది చూసి తల దించుకుంది.

"నువ్వు ఏసినవా అమ్మా?" అని అడిగాను.

"అద్దానికి కడితె తీసేసిండు. స్టీరింగుకు కడితె దోస్తులు నవ్వుతున్నరని తీసేసిండు. వాడు కూసునేది దీని మీదనే గద, వాని సేతికి అందని కాడ ఏసిన. వాళ్ల నాయిన లారీ మీద పోయి మల్ల ఇంటికి రాలె కొడుకా."

చేతిలో తీగ కింద పెట్టాను. పొద్దుటి నుంచి నేను తిట్టింది ఈమె భయాన్నని అప్పుడు అర్థమైంది.

"గిప్పుడు వాన్ని ఒట్టిగనే పంపుతవా?" అంది.

"ఒట్టిగ ఎందుకు పంపుత? నేను పక్కన కూసుంట."

ఒక్క క్షణం నన్ను ఎగాదిగా చూసింది. తాయెత్తు తీసుకొని, పెట్రోల్ కారుతుండగానే నా మణికట్టుకు కట్టింది. "అయితె ఇద్దరిని నువ్వే కాయాలె," అంది. యూనిఫాం మీద అలాంటివి కుదరవు. హవల్దార్ చూశాడు. చూసి, వాన ఎంత పడుతోందోనన్నట్టు ఆకాశం వైపు తిరిగాడు.

రెండో ట్రిప్పు తేలిగ్గా అయింది. ఆఖరి ట్రిప్పుకు తొట్టి కిటకిటలాడింది. మనుషులు, మూటలు, ఒక మేక. కల్వర్టు ముందు సైదులు బ్రేకు తొక్కాడు. ఆగాం. జవాను తాడు పట్టుకొని కిందికి దిగాడు. నేను ఇంజన్ చప్పుడు వింటూ కూర్చున్నాను. సైదులు గేరు మీది చెయ్యి తీయలేదు. ఇంజన్ ఆడుతూనే ఉంది. జవాను పైకొచ్చి రెండు చేతులూ ఊపాడు.

"జల్దీ! జల్దీ!"

దాటేశాం. తాడు చుట్టుకొని అతను మా వెనకే పరుగెత్తుకొచ్చాడు. మేం కట్ట మలుపు తిరగకముందే గోడ నీళ్లలోకి ఒరిగింది. బండి చచ్చి ఉంటే అవతలే హ్యాండిల్ తిప్పుకుంటూ ఉండేవాళ్లం. కాపాడింది శుభ్రమైన పైపే అంటాను నేను. సైదులు తల్లినడిగితే ఇంకోటి చెబుతుంది. పైపూ తాయెత్తూ రెండూ అక్కడే ఉన్నాయి గనుక వాదించను.

నీళ్లు తీశాక వెనక్కి బయలుదేరాం. సూర్యాపేటలో మా ఇల్లు ఆ రోడ్డుకు దగ్గరే. ఆగే ఆర్డరు లేదు, ఆగలేదు. ఊరు దాటాక హవల్దార్ నా మణికట్టు వైపు చూసి, "ఇక విప్పు" అన్నాడు మెల్లగా. విప్పి పానాల సంచిలో వేసుకున్నాను. పెన్షన్ మీద ఇంటికొచ్చినప్పుడు ఆ సంచీ నాతోనే వచ్చింది.

అయితే నన్ను వదలనిది తాయెత్తు కాదు. ఆఖరి ట్రిప్పు అయ్యి బడి ముందు ఆగాం. జనం దిగిపోయారు. ఇంజన్ ఆపుదామని సైదులు తాళంచెవి మీద చెయ్యి వేశాడు. వాళ్లమ్మ వానలో పరుగెత్తుకొచ్చి, తడి అరచేయి బానెట్ మీద ఆనించింది. ఇంజన్ ఆడుతుంటే ఆమె చేతిగాజులు సన్నగా మోగుతున్నాయి.

"ఆపకు బిడ్డా," అంది. "జరసేపు గట్లనే ఉండనియ్యి."