బండి వెనక సీటు మీది లెన్సుల సంచి

మా ఆయన బండి వెనక సీటు మీద నేను కూర్చున్నది తక్కువ, కెమెరా సంచి కూర్చున్నది ఎక్కువ. పెనుబల్లిలో మాకు పురుగుమందుల కొట్టుంది. వారమంతా ఆ కొట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతాడు. ఆదివారం తెల్లారిందంటే సంచిని తాడుతో సీటుకి బిగించుకుని భద్రాచలం అడవుల వైపు వెళ్లిపోతాడు. ఆయన పేరు వెంకటకృష్ణ, ఊళ్లో మాత్రం ఫొటోల కృష్ణ. ఆ సంచి నాకు సవతి.

ఇల్లంతా ఒక్క ఫొటోలో పట్టించే లెన్స్ ఒకటి, చిటారు కొమ్మ మీది పిట్ట కన్ను కూడా చూపించే మోచెయ్యంత లెన్స్ ఒకటి, మనుషుల ముఖాలకి ఇంకొకటి, మూడు కాళ్ల స్టాండు, అన్నీ అందులోనే. నన్నూ తీసుకెళ్లమంటే సంచి ఎక్కడ పెట్టను అంటాడు. కారులో వెళదామంటే ఆ దారుల్లో కారు పోదంటాడు. పర్ణశాల దగ్గర గోదావరిని ఆయన ఫొటోల్లో చూడటమే తప్ప కళ్లారా చూసింది లేదు. ఆ విషయంలో ఏళ్ల తరబడి కుళ్లిపోయాను. దాచుకోవడం దేనికి?

కిందటి చలికాలంలో ఆయనకి మెడ పట్టేసింది. ఖమ్మంలో డాక్టరు ఆ బరువులు మానేయమన్నాడు. ఇంటికొచ్చి దిగులుగా కూర్చుని, ఇక ఒక్క జూమ్ లెన్స్ మాత్రం ఉంచుకుని మిగతావి బీరువాలో పెట్టేస్తానన్నాడు. అక్కడ పట్టుకున్నాను నేను. ఒక్క లెన్సయితే నడుముకి కట్టుకునే చిన్న సంచి చాలు, కాబట్టి సీటు నాది అన్నాను. సరేనన్నాడు.

ఆ ఒక్కటి ఏదో తేల్చుకోవడానికి నా ప్రాణం తోడేశాడు. దగ్గరనుంచి దూరందాకా అన్నీ ఒక్కదాన్లోనే చూపించేది ఉందట, కానీ దూరానికి పోయేకొద్దీ బొమ్మ మసకబడుతుందట, సాయంత్రం చెట్ల నీడలో చీకటి కమ్ముతుందట. బొమ్మ బాగా వచ్చేదేమో దూరం అందుకోదట. భోజనం దగ్గర ఫోన్లో వీడియోలు, కొట్లో రైతు మిరపతోటకి మందడిగితే చేతిలో లెన్స్. ఖమ్మంలో స్నేహితుడి దగ్గర ఒకటి తెస్తాడు, రెండు రోజులకే ఇచ్చేసి ఇంకొకటి తెస్తాడు. ఒకరోజు పెరట్లో బట్టలు ఆరేస్తుంటే కెమెరా నా వైపు పెట్టాడు. కొంగు సర్దుకున్నాను. పక్కకి జరుగు లతా, వెనక గోడ కావాలి అన్నాడు. ఇటుకల గీతలు అంచుల్లో కూడా స్పష్టంగా వస్తున్నాయో లేదో చూడాలట. ఒళ్లు మండిపోయింది నాకు.

చివరికి ఇరవై నాలుగు నుంచి నూట అయిదు మిల్లీమీటర్ల దాకా పోయే జూమ్ లెన్స్ ఖాయం చేశాడు. గుమ్మంలో నిలబడితే గది మొత్తం వస్తుంది, రోడ్డవతలి మనిషి నడుము దాకా వస్తాడు, బరువు ముప్పావు కిలో. పిట్టలు మాత్రం అందవు. ఆ పిట్టల కోసం రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు మహానుభావుడు.

బీడీలు చుట్టే తునికాకు కోసే రోజుల్లో బయల్దేరాం. ఎండ మాడ్చేస్తోంది, కొత్తగూడెం దాటేసరికి నడుము పట్టేసింది, అయినా నా సంతోషం నాది. ఆయనకే స్థిమితం లేదు. పది నిమిషాలకోసారి బండి ఆపడం, దూరంగా దేన్నో చూడటం, అందదు అని నిట్టూర్చి మళ్లీ కిక్ కొట్టడం. పర్ణశాలలో దర్శనం చేసుకుని ఒడ్డుకి వెళ్లాం. గోదావరి ఆ చివరనుంచి ఈ చివర దాకా ఇసుకా నీళ్లూ కలిసి పరుచుకుని ఉంది. కళ్లనిండా చూద్దామనుకునేలోపే పోదాం పదమన్నాడు.

అక్కడినుంచి లోపలికి పోతే, ఆయన ఎప్పుడూ ఆగే చిన్న ఊరుంది. అక్కడ భీమక్క అని ఒక పెద్దావిడ ఉంది, ఆవిడ ఇంట్లో మంచినీళ్లు తాగుతాడట. వాకిట్లో పందిరి కింద ఆడవాళ్లు తునికాకుని నారతో కట్టలు కడుతున్నారు. భీమక్క నన్ను ఎగాదిగా చూసి, ఆయన భార్యనని తెలిశాక చాప వేసింది.

"ఈ సారు ఎన్నిసార్లు వచ్చిండో, ఒక్కనాడు కూసోలే. ఆడ చెట్లకాడ నిలబడి ఫొటోలు తీస్తడు. మా పోరగాండ్లు ఎనక్కి తిరిగి కూసుంటరు" అంది.

నేను కూర్చున్నాను. ఆయన బండి దగ్గరికి పోయి పక్కపెట్టె తెరిచాడు. అందులోంచి నా పాత చీర ముక్కలో చుట్టిన మోచెయ్యంత లెన్స్ బయటికొచ్చింది! బీరువాలో పెట్టి తాళం వేశానని నాకు చెప్పింది అదే. ఎదురుగా ఉన్న వాగు అవతల కొంగలు వాలాయి, ఇప్పుడే వస్తా అని గొణిగి, నా ముఖం చూడకుండా వాగులోకి దిగి అవతలికి పోయాడు. అంతమంది ముందు ఏడిస్తే బాగుండదని ఒక ఆకుల బొత్తి అందుకున్నాను. పుట్టింట్లో పొగాకు గుచ్చిన చేతులే కాబట్టి కట్టడం త్వరగానే వచ్చింది. వాళ్లు తమ కోయ భాషలో ఏదో అనుకుని నవ్వారు, నా కట్టు ఊడిపోయి ఆకులు ఒళ్లంతా పడితే ఇంకా నవ్వారు. నాకూ నవ్వాగలేదు. కాసేపటికి ఆయన సంగతే మర్చిపోయాను.

ఎండ దిగాక వచ్చాడు, ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి. కొంగలు లేచిపోయాయట. నా పక్కన గొంతుక్కూర్చుని కెమెరా వెనక తెర నా వైపు తిప్పాడు. అందులో నేనున్నాను. తల వెనక్కి వాల్చి, పంటి కింద నార పట్టుకుని, కళ్లు మూతలు పడేలా నవ్వుతున్నాను. చెవి పక్కన తెల్లవెంట్రుక కూడా తెలుస్తోంది. నా ముఖం అంత బాగుంటుందని నాకే తెలియదు. సంతోషం వేసింది, వెంటనే కోపం ముంచుకొచ్చింది.

"నన్ను ఇంత దగ్గరగా చూడటానికి వాగు దాటి అంత దూరం పోవాలా అండీ?" అన్నాను.

ఆయన తెర మీది దుమ్ముని బొటనవేలితో తుడిచాడు.

"దగ్గరికొస్తే నవ్వు ఆపేస్తావని" అన్నాడు మెల్లగా.

ఆ మాట అబద్ధమని అనలేకపోయాను. ఇంట్లో ఆయన అడుగుల చప్పుడు వింటే నా ముఖం ఎలా మారుతుందో నాకు తెలుసు. భీమక్క అంబలి ముంత తెచ్చి మా మధ్య పెట్టింది. ఆయన అలవాటుగా లేవబోయాడు.

"కూర్చోండి. ఆపుతానో లేదో చూద్దురు గాని" అన్నాను.

మఠం వేసుకుని కూర్చున్నాడు.