బాంబు కావాలా, వద్దా

చైనా బాంబు పేల్చిందని రేడియోలో విన్న కొద్ది రోజులకే మా నెల్లూరు కాలేజీలో వక్తృత్వ పోటీ పెట్టారు. మనమూ అణుబాంబు చేయాలా, వద్దా అన్నది విషయం. నన్ను ‘చేయాలి’ పక్షంలో వేశారు. దీపావళి టపాకాయకే చెవులు మూసుకునే దాన్ని నేను!

కోవూరులో మా వసారాలో బియ్యం చెరుగుతున్న అమ్మకే ముందుగా నా ఉపన్యాసం వినిపించాను. అప్పటికి అన్న సైన్యంలో చేరి మంచుకొండల సరిహద్దులో ఉన్నాడు. అమ్మ దిగులంతా వాడి గురించే. బాంబు వేయడానికి కాదు, శత్రువును భయపెట్టడానికే అని చేతులు ఊపుతూ చెప్పాను.

అమ్మ చేట ఆపింది. “వెయ్యం అని మనమే చెప్తే వాడెందుకు భయపడతాడే? మొరిగే కుక్క కరవదని వాడికి తెలీదా?”

నాకు ఒళ్లు మండింది. అవసరమైతే వేస్తాం అన్నాను. అప్పుడు వాడూ వేస్తాడు గదా అంది. నా బుర్ర తిరిగిపోయింది.

ఇంతలో ‘వద్దు’ అనాల్సిన అమ్మాయికి జ్వరం వచ్చిందని నన్ను అటు మార్చారు. మనం చేస్తే పక్కవాడు చేస్తాడు, వాణ్ని చూసి ఇంకొకడు చేస్తాడు, చివరికి ఎవరికి ఎవరు భయపడాలో తెలియని కాలం వస్తుందని మళ్లీ అమ్మకే చెప్పాను. ఖర్మ, అదీ నిజమే అనిపించింది.

“ఈ రెండిట్లో ఏది చేస్తే మీ అన్న ఇంటికొస్తాడే?” అంది అమ్మ.

తెలీదమ్మా అని ఏడ్చేశాను. పేపర్లో కొత్త కొత్త శత్రువుల పేర్లతో అదే వాదన చదివినప్పుడల్లా ఇప్పటికీ నాకు రెండు పక్షాలూ నిజమే చెబుతున్నట్టుంటుంది.

పోటీలో చప్పట్లు కొట్టారు. ఏం మాట్లాడానో గుర్తు లేదు.

వేసవిలో అన్న సెలవు మీద వచ్చాడు. అన్నం వడ్డిస్తూ అమ్మ వాణ్నీ అదే అడిగింది. బాంబుల సంగతి తనకు తెలియదన్నాడు. తను తుపాకి పట్టుకుని నిలబడతాడట, ఎదురుగా వాడూ నిలబడతాడట, ఎవరూ కాల్చరట.

“కాల్చనప్పుడు ఇద్దరూ ఇళ్లకు పోవచ్చు గదరా?”

అన్న ముద్ద కలుపుతూనే అడిగాడు. “ముందు వీపు తిప్పేదెవరమ్మా?”

అమ్మ నా వైపు చూసింది. రెండు పక్షాలూ వల్లించిన దాన్ని, అన్న గ్లాసులో నీళ్లు పోశాను.

సెలవు అయిపోయింది. నెల్లూరు స్టేషన్‌లో రైలు కదిలాక కూడా అన్న తలుపు దగ్గర మావైపే చూస్తూ నిలబడ్డాడు. అమ్మా అలాగే నిలబడింది. ఇద్దరిలో ఎవరూ ముందు తిరగలేదు.