ఐలేశ్ కోసం కట్టిన ముడుపు

మా గచ్చిబౌలి ఆఫీసులో ఏటా జరిగే క్రికెట్ పోటీలకు మొన్న ఆటగాళ్ళ వేలం పెట్టారు. నిజం డబ్బులేమీ కావు, ఉత్తుత్తి పాయింట్లు. అయినా మా మేనేజర్లు సొంత ఆస్తులు తాకట్టు పెడుతున్నంత గంభీరంగా చేతులెత్తుతున్నారు. ఏసీ చలికి ముడుచుకుని కూర్చున్న మా మధ్యకు ఎవరో గిన్నె నిండా బబుల్ గమ్ములు తెచ్చి పెట్టారు. కాగితం విప్పగానే ఆ తియ్యటి, పౌడరు కలిసిన వాసన ముక్కుకు తగిలింది, ఇక నాకు కుర్చీలో నిలవబుద్ధి కాలేదు. కాలు దానంతటది ఊగడం మొదలుపెట్టింది. మా నానమ్మ ఉండి ఉంటే "కాళ్ళూపకే, దరిద్రం" అని తొడ మీద ఒక్కటి వేసేది. నేనేం చేసేది? ఆ వాసన తగిలితే చాలు, ఎవరో నా మనిషి పేరు పిలవబోతున్నారని ఒళ్ళంతా చెవులు చేసుకుని కూర్చోవడం నాకు పదేళ్ళప్పుడు పట్టుకున్న జబ్బు.

మాది ఖాజాగూడ. అద్దాల మేడలు అప్పుడప్పుడే తలెత్తుతున్నాయి గానీ ఊరు ఇంకా ఊరులాగే ఉండేది. చెరువులో గేదెలు మెడదాకా మునిగి కూర్చునేవి, గుట్టల మధ్య చలికాలంలో రేగుపళ్ళు రాలేవి, ముళ్ళు గీరుకున్న చేతులతో వాటిని గౌను ఒళ్ళో వేసుకుని తెస్తే నానమ్మ ఉప్పూ కారం కలిపి దంచి, వడల్లా తట్టి, మిద్దె మీద ఎండబెట్టేది. మధ్యాహ్నం ఎక్కడో బండలు పేల్చేవాళ్ళు. ముందు కిటికీలు గజగజలాడేవి, కాసేపటికి సన్నటి తెల్లదుమ్ము వచ్చి అన్నం గిన్నెల మీద, ఆరేసిన బట్టల మీద, నిద్రపోతున్న కుక్క మీద కూడా వాలేది. వానాకాలం మక్కగారెలు, బోనాలకు ఉడకబెట్టిన శనగ గుడాలు, ఎండాకాలం క్రికెట్. ఆ క్రికెట్ ఆడటానికి గుట్టల కింద మాకు దొరికిన చదును నేల ఏటికేడు చిన్నదవుతూ వచ్చింది, చివరికి బంతిని గట్టిగా కొట్టినవాణ్ణే అవుట్ అనాల్సి వచ్చేది.

ఆ రోజుల్లో బబుల్ గమ్ ప్యాకెట్లో ఒక క్రికెటర్ కార్డు వచ్చేది. ముందువైపు ఫోటో, వెనక అతను తీసిన వికెట్లు, చేసిన పరుగులు. దుకాణం ముందు నిలబడి ప్యాకెట్లను వేళ్ళతో నొక్కి చూసి, చెవి దగ్గర ఆడించి, లోపల ఎవరున్నారో పసిగట్టగలమని మా పిల్లలందరికీ గట్టి నమ్మకం. దుకాణదారుకి మాత్రం మమ్మల్ని చూస్తేనే ఒళ్ళు మంట. మా మేడ మీద కిరాయికి ఉండే రాజమండ్రి వాళ్ళబ్బాయి కిరణ్‌ది, నాదీ ఒకే ఈడు. వాడు బ్యాట్స్‌మెన్ కార్డులు ఏరుకునేవాడు. నాకు ఒక్క ఐలేశ్ చాలు. ఒక ఐలేశ్‌కి ఎవరిని అడిగినా ఇచ్చేసేదాన్ని, పెద్ద పెద్ద కెప్టెన్లను కూడా. "నీకు బేరం తెలీదే" అని కిరణ్ జాలిపడేవాడు, జాలిపడుతూనే తీసుకునేవాడు.

ఐలేశ్ మియాపూర్ మనిషి. ఎడమచేత్తో జోరుగా బంతులేసేవాడు, రెండేళ్ళుగా వేరే నగరం జట్టుకు ఆడుతున్నాడు, ఆడటమంటే ఎక్కువగా బయట కూర్చుని నీళ్ళ సీసాలు మోయడమే. కార్డు మీద అందరూ పళ్ళికిలించి నవ్వుతుంటే అతనొక్కడే బస్సు తప్పిపోయిన మనిషిలా ఎటో చూస్తుండేవాడు. అది చూస్తే నాకు మహా ఇష్టం. నేనూ అంతే కదా, ఎక్కడ కూర్చోబెట్టినా ఇంకెక్కడికో పోవాలని ఉండేది. టీవీలో మ్యాచ్ వస్తే అతను మైదానంలోకి వస్తాడేమోనని నిలబడే చూసేదాన్ని, అన్నం కూడా నిలబడే తినేదాన్ని.

ఒక చలికాలం ఆ జట్టు అతన్ని వదిలేసింది. మళ్ళీ వేలంలోకి వస్తున్నాడు. మన హైదరాబాద్ జట్టు కొంటే చాలు, మా గచ్చిబౌలి పక్కనే ఎక్కడో ప్రాక్టీసు చేస్తాడు, మన జట్టు అంగీతో కొత్త కార్డు వస్తుంది. కొనరేమో అన్న అనుమానం నాకు కలలో కూడా రాలేదు. ఎవరు ఎగరేసుకుపోతారోనన్నదే నా బాధంతా. "బెంగళూరు వాళ్ళకి ఎడమచేతి బౌలర్ లేడు, వాళ్ళు పట్టుకుపోతారు చూడు" అని కిరణ్ అగ్గి రాజేసి పోయాడు. రెండు రోజులు నాకు నిద్రలేదు, నావల్ల ఇంట్లో ఎవరికీ లేదు. చివరికి నానమ్మే విసిగిపోయి, "గంత పరేషాన్ అయితవెందుకే? పోచమ్మకు ముడుపు కడదాం పా" అంది.

మా పోచమ్మ గుడి చెరువు గట్టు మీద మనిషెత్తు లేని చిన్న గది, పక్కన వేపచెట్టు. నానమ్మ తెల్లగుడ్డను పసుపు నీళ్ళలో ముంచి, అందులో రూపాయి బిళ్ళ, నాలుగు బియ్యపు గింజలు పెట్టి నా చేతికిచ్చింది. ముడుపుకొక పద్ధతుంది. ముడి వేసేటప్పుడు కోరిక పైకి చెప్పాలి, ఒక్కసారే చెప్పాలి, కోరిక తీరాక మొక్కు చెల్లించి మన చేత్తోనే ముడి విప్పాలి. "జర ఆలోచించి అడుగు బిడ్డా, అమ్మ విన్నదంటే విన్నట్టే" అని నానమ్మ హెచ్చరించింది. ఆలోచించే ఓపిక నాకెక్కడిది? "ఐలేశ్ ఏడికీ పోవద్దు, మన హైదరాబాద్‌లనే ఉండాలె" అని గడగడా చెప్పి, "ఉంటే, మన అంగీ మీదున్న మొదటి కార్డు నీకే" అని మొక్కి, ముడి బిగించి కొమ్మకు కట్టేశాను.

వేలం రోజు కడుపునొప్పని బడి ఎగ్గొట్టాను. కిరణ్ కూడా జ్వరమని దిగివచ్చాడు. పొద్దున్నుంచి ఒక్కొక్క పేరూ పిలుస్తున్నారు, సూటు వేసుకున్నవాళ్ళు బద్ధకంగా చేతులెత్తుతున్నారు, నానమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ "గీళ్ళేంది, మనుషులను సంతల గొడ్లను కొన్నట్టు కొంటున్నరు" అని ఈసడిస్తోంది. మధ్యాహ్నం దాటాక ఐలేశ్ పేరు వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. సుత్తి పట్టుకున్నాయన అన్ని బల్లల వైపూ చూశాడు. బెంగళూరు వాళ్ళు కాగితాలు తిరగేస్తున్నారు. మన హైదరాబాద్ వాళ్ళలో ఒకాయన పక్కాయనతో ఏదో చెప్పి నవ్వుతున్నాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. సుత్తాయన ఇంకో పేరు చదివాడు, అంతే, అంత త్వరగా అయిపోయింది.

నేను ఏడవలేదు, చిక్కుడుకాయల చేటను తన్నాను. అమ్మవారు మోసం చేసిందన్నాను. నానమ్మ నింపాదిగా కాయలు ఏరుకుంటూ, "నువ్వేమడిగినవు? ఏడికీ పోవద్దన్నవు. పోలేదు. ఈడనే ఉండాలన్నవు. ఈడనే ఉన్నడు. అమ్మ మాట తప్పలేదు, ఇగ నీ మొక్కు సంగతి జూసుకో" అంది. కార్డే లేకపోతే మొక్కెలా చెల్లించాలి? అసలు ఇది తీరిన కోరికెలా అవుతుంది? ఏడాదంతా ఆ విషయం మీద మా ఇద్దరికీ వాదన. గుడి ముందు నుంచి పోవాల్సి వస్తే కొమ్మకు వేలాడుతున్న ఆ పసుపు మూట కంటపడకుండా చుట్టూ తిరిగి పోయేదాన్ని. అతని కాలికి నేనే తాడు కట్టి ఊళ్ళో పడేసినట్టు ఉండేది. ఎండాకాలంలో పోటీలు మొదలయ్యాయి, కొత్త కార్డులు వచ్చాయి, ఎన్ని ప్యాకెట్లు విప్పినా ఐలేశ్ లేడు.

మళ్ళీ చలికాలం వచ్చింది, మళ్ళీ వేలమన్నారు. ఇక ఉండబట్టలేక నేనే నానమ్మను గుడికి లాక్కుపోయాను. కొత్త కార్డు లేదు కాబట్టి, నా దగ్గరున్న ఐలేశ్‌లందరినీ, మూలలు మాసిపోయినవాళ్ళనూ, ఇంకా తియ్యటి వాసన పోనివాళ్ళనూ, పోచమ్మ ముందు పేర్చి పెట్టాను. ముడి ఏడాది వానకూ ఎండకూ బిగుసుకుపోయింది, పళ్ళతో లాగి విప్పాను. ఈసారి ఆలోచించే అడిగాను. "ఏ ఊరైనా మంచిదే, ఎవరన్న ఒకరు పిలవాలె, పోనియ్యి తల్లీ" అన్నాను. నానమ్మ నా తల నిమిరింది. ఆ ఏడు వేలం మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా టీవీ ముందు నిలబడే ఉన్నాను. అతని పేరు చదవనే లేదు. కొనకపోవడం ఒక ఎత్తు, అసలు పిలవకపోవడం ఇంకో ఎత్తు. ఆ తేడా నాకు ఆ సాయంత్రమే తెలిసింది.

ఇప్పుడు ఆ బబుల్ గమ్‌తో కార్డులు రావడం లేదు. మేము ఆడిన నేల మీద ఒక అపార్ట్‌మెంట్ పార్కింగ్ ఉంది. కిరణ్ వాళ్ళు ఎప్పుడో ఇల్లు మారారు, నానమ్మ పోయి నాలుగేళ్ళు కావస్తోంది, రేగుపళ్ళు కావాలంటే ఫోన్‌లో నొక్కితే డబ్బాలో పెట్టి తెచ్చిస్తున్నారు. ఆఫీసు వేలంలో నన్ను మొదటి విడతలోనే కొన్నారు, నవ్వొచ్చింది. జట్టుకు బంతులు, ప్యాడ్లు తెచ్చే పని కూడా నాకే అంటగట్టారు.

అలా శనివారం మియాపూర్ డిపో వెనక ఒక ఆటసామాన్ల దుకాణానికి పోయాను. బ్యాటు పిడికి రబ్బరు తొడుగుతున్న మనిషి తలెత్తి చూశాడు. అద్దంలో నా ముఖం కంటే ఎక్కువసార్లు చూసిన ముఖమది. జుట్టు పలచబడింది, పొట్ట వచ్చింది, అయినా పోల్చుకోవడానికి నాకు క్షణం పట్టలేదు.

"ఐలేశన్న గదా? చిన్నప్పుడు మీ కార్డులన్నీ జమ చేసేదాన్ని."

అతను బ్యాటు పక్కన పెట్టేశాడు. "ఉన్నయా చెల్లె ఇంకా? మా పిల్లలకు జూపెడదామంటే నా దగ్గర ఒక్కటి గూడ లేదు."

"లేవన్నా. పోచమ్మకు ఇచ్చేసిన."

"దేనికి?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు, కానీ నా నోరు ఎప్పుడు ఆగింది గనుక? "మీరు ఈ ఊరిడిచి పోవాలెనని మొక్కుకున్న" అనేశాను. అన్నాక భయమేసింది, తప్పుగా అనుకుంటాడేమోనని.

అతను లేచాడు. "మా అమ్మ గూడ గదే మొక్కింది" అని, ప్యాడ్లు తీయడానికి అటు తిరిగాడు. ఖాజాగూడలో నేనూ, మియాపూర్‌లో కన్నతల్లీ, ఒకరికొకరం తెలియకుండా అతన్ని పంపించెయ్యమనే వేడుకున్నాం. ఒక్క ఊరు కూడా రమ్మనలేదు.