వంటగట్టు పైన స్పీకరు

మా ఆయన మామిడి వ్యాపారి. చెట్టు కింద నిలబడి తల పైకెత్తారంటే కాపెంత దిగుతుందో చెప్పేస్తారు. కొత్తింటి సీలింగు కేసి చూడ్డం మాత్రం ఆయన వల్ల కాలేదు. "ఎక్కడో ఒకచోట పెట్టిద్దాంలే, సౌండ్ వస్తుందిగా" అన్నారు. అందుకని హోమ్ థియేటర్ స్పీకర్ల సంగతంతా నేనూ మా అమ్మాయీ నెత్తినేసుకున్నాం.

నూజివీడులో మేం కట్టుకున్న ఈ ఇంట్లో హాలు, భోజనాల బల్ల, వంటగది అన్నీ కలిసి ఒకటే గది. మధ్యలో గోడల్లేవు. అలా కట్టాలని పట్టుబట్టింది నేనే. పాత ఇంట్లో నాకు సినిమా అంటే గోడవతలి నవ్వులే. సీజన్లో తోటల వాళ్ళూ లారీల వాళ్ళూ వస్తూ పోతూనే ఉంటారు, నా పొయ్యి ఆరేది కాదు. పకోడీల పళ్ళెం పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళి "ఏమైంది, ఎందుకు నవ్వుతున్నారు?" అంటే "ఏం లేదులే, నీకు మొదట్నుంచీ చెప్పాలి" అనేవారు. ఆ మాటంటే నాకు ఒళ్ళు మంట. కొత్తింట్లో కూర కలుపుతూ అయినా సరే, ప్రతి మాటా నా చెవిన పడాలి. నేను కోరుకున్నది అదొక్కటే.

మా అమ్మాయి ఇంజనీరింగ్ చదువుతోంది. ఫోన్లో వీడియోలు చూసి, ఇలాంటి గదితో వచ్చే తంటా ఏంటో నాకు విడమరిచి చెప్పింది. గోడ లేని వైపు సౌండ్ నిలవదట. పక్క స్పీకర్లు బిగిద్దామన్నా అక్కడ గోడ ఉండాలిగా, అందుకే పైనుంచి వినిపించాలట. ముందు సోఫా ఎక్కడో తేల్చుకుని, సరిగ్గా నెత్తి మీద కాకుండా కాస్త ముందుకి రెండు, కాస్త వెనక్కి రెండు పెట్టాలి. ఫాల్స్ సీలింగు బోర్డులు బిగించకముందే వైర్లు లాగేయాలి.

ఎక్కడెక్కడ వస్తాయో తెలియడానికి నేను గిన్నెల మీది స్టీలు మూతలు తెచ్చి నేల మీద పరిచాను. సోఫా ఇంకా రాలేదు కాబట్టి దాని చోట మా అమ్మాయి మామిడి ట్రేలు బోర్లించుకుని కూర్చుంది. నేను మూతలు జరుపుతూ, పైకి చూస్తూ, ఫ్యాను రెక్కలు తగలకుండా మళ్ళీ జరుపుతూ తిరిగాను. ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. చివరి మూత వంటగట్టు ముందు, నేను నిలబడే చోట పెట్టాం. దానికి సౌండ్ విడిగా పెంచుకునే ఏర్పాటు కూడా చేయిస్తానంది. "ఇది నీ స్పీకరమ్మా" అంది. అంత పెద్ద పిల్లని దగ్గరికి లాక్కుని ముద్దు పెట్టుకున్నాను.

ఇంతలో ఆవకాయ రోజులొచ్చాయి. మా వైపు ఆడవాళ్ళం, ఇంట్లో ఏ పనున్నా సరే, పచ్చడికాయ తయారైందని పుట్టింటి నుంచి కబురొస్తే కదలాల్సిందే. ఆగామా, కాయ పండుబారిపోతుంది. మా పుట్టిల్లు చాట్రాయి. కాయలు తుడిచి, ముక్కలు కొట్టించి, కలిపి జాడీలకెత్తి వచ్చేసరికి వారం పట్టేస్తుంది. సీలింగు పనివాళ్ళు దిగే సమయంలో వెళ్ళనా వద్దా అని నేను తటపటాయిస్తుంటే, మా అమ్మాయే తొందరపెట్టింది.

"వెళ్ళమ్మా, నేనున్నాగా. మూతలు ఎక్కడున్నాయో సరిగ్గా వాటి పైనే పెట్టిస్తా."

అక్కణ్ణుంచి రోజూ ఫోన్ చేసి అడిగేదాన్ని. "అంతా నువ్వు చెప్పినట్టే అవుతోందమ్మా" అనేది. పిచ్చిమొహాన్ని, నమ్మాను. దానికిష్టమని బెల్లం ఆవకాయ విడిగా పెట్టుకొచ్చాను.

ఆటో దిగి జాడీ చంకనెత్తుకుని లోపలికి అడుగుపెట్టేసరికి ఎదురుగా అద్దం. వంటగదికీ హాలుకీ మధ్య ఈ చివర నుంచి ఆ చివర దాకా గాజు తలుపులు, పక్కకి జరిపేవి. పైకి చూశాను. సోఫాకి ముందూ వెనకా స్పీకర్లు చక్కగా కూర్చున్నాయి. వంటగట్టు పైన మాత్రం గుండ్రటి లైటు పెట్టారు.

"ఏంటండీ ఇది? నేను లేనిది చూసి కానిచ్చేశారా?" అని మా ఆయన మీద విరుచుకుపడ్డాను.

"గది మూసి లేకపోతే సౌండ్ బాగోదంట. పోపు ఘాటు కూడా…" అంటూ అమ్మాయి వైపు చూశారు.

"నాన్నని అనకమ్మా. నేనే చెప్పాను" అంది అది. "మిక్సీ, కుక్కరు విజిల్సు, వీటి మధ్య ఏం వింటాం చెప్పు? పైగా నువ్వు మధ్యమధ్యలో ఏమన్నాడు, ఏమన్నాడు అని అడుగుతుంటావు. నీకు లైటు పెట్టించాగా."

"మరి ఫోన్లో నేను చెప్పినట్టే అవుతోందన్నావు?"

"నిజం చెప్తే ఆవకాయ వదిలేసి వచ్చేసేదానివి."

మొగుడి మీదైతే ఎంతైనా అరుస్తాను, అది మా ఇద్దరికీ అలవాటే. కూతురి మీద అరవలేక, చంకలో జాడీ దించి గట్టు మీద పెట్టాను. నాతో కలిసి మూతలు పరిచి, నీ స్పీకరని ఆశపెట్టి, నన్ను చాట్రాయి బస్సెక్కించి మరీ చేసిందీ పని. మోసం అనడానికి ఇంకేం కావాలి? ట్రేల మీద కూర్చుని నవ్విన రోజుకే ఇది దాని మనసులో ఉందా అని అడగాలనిపించింది. ఉందంటుందేమోనని భయమేసి అడగలేదు.

ఆ ఆదివారం సాయంత్రం మొదటి సినిమా పెట్టారు. మా ఆడపడుచు వాళ్ళొచ్చారు. నేను గారెలు వేస్తున్నాను. గాజు తలుపు ఇంకా తెరిచే ఉంది. సినిమాలో ఎవరో ఏదో అన్నారు, సగం మాట వినపడింది, మిగతా సగం కోసం చెయ్యి ఆపాను. అమ్మాయి సోఫాలోంచి లేచి నా వైపు వచ్చింది. రా అమ్మా, కూర్చో అంటుందనుకున్నాను. గరిటె కింద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకున్నాను కూడా.

"నూనె చప్పుడు వస్తోందమ్మా, కొంచెం వేసేస్తున్నా" అంది మెల్లగా, ఎక్కడ నొచ్చుకుంటానో అన్నట్టు నవ్వి, తలుపు జరిపింది.

వాయి మాడిపోతోంది. మళ్ళీ గరిటె తీసుకున్నాను.